మునగని చుక్క

"బియ్యంల రాళ్ళు ఏరుమంటె బియ్యమే ఏరుక తింటున్నవేందే" అంది వెంకవ్వ.

రాజమణి గోడకు జారగిలబడి, చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎనిమిదో నెల కడుపు అడ్డం వచ్చి చేట సరిగ్గా ఆనడం లేదు. నోట్లో పిడికెడు పచ్చి బియ్యం. అత్త మాట చెవిన పడగానే నమలడం ఆపింది. మింగలేక, ఉమ్మలేక, ఒక చెంప ఉబ్బి అట్లాగే ఉండిపోయింది.

"రెండు పూటల పద్నాలుగు మందికి వండుతవు. ఇంట్ల బువ్వ లేనట్టు గిదేం ఆకలే నీది?"

అది ఆకలి కాదని ఎట్లా చెప్పాలో రాజమణికి తెలియదు. ఉడికిన అన్నం చూస్తే తినబుద్ధి కాదు. పచ్చి బియ్యం, గోడ నుంచి రాలే సున్నం, వాన పడ్డప్పుడు వాసనేసే మట్టి కనిపిస్తే మాత్రం నోట్లో నీళ్ళూరుతాయి. చెయ్యి దానంతటదే పోతుంది. పోయిన నెల చిన్నబిడ్డ సోనాలి బలపాల డబ్బా ఖాళీ అయింది. పిల్ల బడిలో దెబ్బలు తిని వచ్చి ఏడుస్తుంటే సంగతి బయటపడింది. ఆ పూట భోజనాల దగ్గర ఆమె మొగుడు అంకుశం అందరికీ వినపడేలా, "మా ఖోలీల ఎలుకలు లేవు, నా పెండ్లామే ఉన్నది. బలపాలు గూడ ఇడువది" అన్నాడు. పద్నాలుగు మందీ నవ్వారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. తిన్న తలె ఎత్తి పక్కన పెడుతూ "పప్పు మంచిగుంది వదినా" అని చెప్పిపోయేవాళ్ళే. అయినా ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా రాజమణి పైట సర్దుకునేది, ఎక్కడో బట్ట జారిపోయినట్టు.

ముంబై దగ్గరి భివండిలో, శాంతి నగర్ గల్లీలో, రెండు కార్ఖానాల మధ్య ఇరుక్కున్న ఒకే గది ఉన్న ఖోలీ వాళ్ళ ఇల్లు. అటు గోడకు బట్ట నేసే మరమగ్గాలు, ఇరవై సాంచెలు, ఇటు గోడకు ఇరవై సాంచెలు. తెల్లవార్లూ పగలంతా టకటకమని కొట్టుకుంటూనే ఉంటాయి. గూట్లో దేవుడి పటం వణుకుతుంటుంది. ఆ ఇంట్లో ఎవరేం మాట్లాడినా కొంచెం అరిచినట్టే ఉంటుంది. కరీంనగర్ పల్లెల్లో పెళ్ళాంపిల్లల్ని వదిలి, సాంచెలు నడపడానికి వచ్చిన మగవాళ్ళకు రెండు పూటలా అన్నం పెట్టే ఇంటిని అక్కడ భిస్సీ అంటారు. అంకుశం తనూ నాలుగు సాంచెలు నడుపుతాడు. ఎవరైనా అడిగితే "నా భిస్సీ నడుస్తది, పద్నాలుగు మంది తింటరు" అని చెబుతాడు. ఆ భిస్సీలో అతని పని శుక్రవారం సాంచెలు ఆగే సుట్టి నాడు మటన్ తేవడం. నల్లా దగ్గర బిందెలు నింపి మోయడం, కూరలు తరగడం, రెండు పూటలకూ అన్నం వార్చి రొట్టెలు కొట్టడం, తిన్న తలెలు తోమడం, మళ్ళీ మొదలుపెట్టడం ఇవన్నీ రాజమణివి. "ఇంట్ల కూసుండి వండుడే గద. సాంచెల నడుమ పన్నెండు గంటలు నిలబడితె తెలుస్తది కష్టమంటె" అని అతను ఎన్నోసార్లు అన్నాడు. నిలబడే ఉండి వింది రాజమణి.

ఈ అలసట ఎప్పుడు మొదలైందో ఆమె గుర్తు చేసుకోబోతే వెనక్కి, ఇంకా వెనక్కి పోతుంది. కోరుట్ల దగ్గరి ఊళ్ళో పన్నెండో ఏట పెద్దమనిషి అయినప్పుడు ఎనిమిది రోజులు రక్తం ఆగలేదు. తల్లి ఎవరితోనూ చెప్పకుండా పాత చీరలు చింపి ఇస్తూనే ఉంది. "కొందరికి గంతే బిడ్డా, ఓర్సుకోవాలె" అంది. పదిహేనో ఏట పెళ్ళయి రైలెక్కి ఇక్కడికి వచ్చింది. వచ్చిన రెండో నెలలోనే వెంకవ్వ ఆమెను పక్కకు పిలిచి, "ఊర్లె లెక్క మూలకు కూసుంటె ఈడ నడువది. గూట్ల దేవుని దిక్కు పోకు, పొయ్యి దిక్కు రా" అని చెప్పింది. అప్పుడది పెద్ద విడుదల అనిపించింది. ఊళ్ళో అంటు అని దూరం కూర్చోబెట్టేవాళ్ళు, ఇక్కడ ఆ బాధ లేదు అనుకుంది. ఏడాది తిరిగేసరికి తెలిసింది, పోయింది అంటు కాదు, ఆ మూడు రోజుల కూర్చోవడం. నెలలో వారం దినాలు చీర తడిసిపోతుందేమోనని భయపడుతూ, వడ్డిస్తూ, వెనక్కి వెనక్కి నడిచి లోపలికి వచ్చేది. ఉతికిన గుడ్డలు ఎండకు ఆరేసే జాగా ఆ గల్లీలో ఎక్కడుంది? తడి లంగా కింద దాచి ఆరేసేది. సగం ఆరినవే మళ్ళీ పెట్టుకునేది. తర్వాత పెద్దబిడ్డ రూపాలి పుట్టింది. ఆ వెనక ఒకటి మూడో నెలలో పోయింది. సోనాలి. ఆ తర్వాత ఇంకొకటి పోయింది. దానికి ఇరవై రోజులు రక్తం పోయింది, ఇరవై రోజులూ వండింది. పాలు తాగే పిల్ల, కడుపులో పిల్ల, పోతున్న రక్తం, వీటిలో ఏదో ఒకటి ఎప్పుడూ ఆమె ఒంట్లో నుంచి తీసుకుంటూనే ఉంది. తిరిగి ఏమైనా లోపలికి పోతున్నదా అని ఎవరూ చూడలేదు. ఆమె కూడా చూసుకోలేదు. 

శుక్రవారం మటన్ వండే పూట ఇల్లంతా మసాలా వాసన. వడ్డన అయ్యేసరికి కూర వండిన గంజు అడుగున పులుసు మాత్రం మిగిలేది. ఆ పులుసులో వేలెడు ఎముక తగిలితే అది వెంకవ్వకు, ఆమె ముసలిది కాబట్టి. కార్జం ముక్కలు అంకుశానికి వేరుగా తీసిపెట్టాలి. పెళ్ళైన కొత్తలో ఒకసారి రాజమణి ఉప్పు చూడబోయి ఒక కార్జం ముక్క నోట్లో వేసుకుంది. "ఆడిదానికి నాలికె గంత పొడుగు ఉండద్దు" అంది వెంకవ్వ. పెద్దగా కోప్పడలేదు, చెడు అలవాటు మాన్పించినట్టు మెల్లగానే అంది. పద్నాలుగేళ్ళయినా ఆ మాట చెరగలేదు. ఆ తర్వాత ఎప్పుడూ ఉప్పు చూడలేదు. ఉప్పు తక్కువైతే తిట్లు తినేది.

ఈ కడుపుతో ఆరో నెలలో గల్లీలోకి ఒక నర్సమ్మ వచ్చింది. రాజమణి కింది రెప్పను వేలితో లాగి చూసి, "తెల్లకాగితంలా ఉందమ్మా" అంది హిందీలో. గోళ్ళు చూసింది. అవి మధ్యలో గుంటపడి చెంచాల్లా అయిపోయాయి. రక్తం పట్టడానికి ఎర్ర గోలీల పొట్లం ఇచ్చి రోజుకు రెండు మింగమంది. రాజమణి తొమ్మిది రోజులు మింగింది. కడుపులో మంట పుట్టింది. దొడ్డికి నల్లగా పోతుంటే భయపడి అత్తకు చెప్పింది. అదే పొరపాటు అయింది. "కడుపుల పిల్లగాడు నల్లగయితడు. లావయి అడ్డం తిరుగుతడు. నేను తొమ్మిదిమందిని కన్న, ఒక్క గోలీ మింగలే" అని వెంకవ్వ ఆ పొట్లం తీసుకుపోయి మోరీలో వేసింది. ఆ తొమ్మిదిమందిలో బతికింది ముగ్గురే అన్న సంగతి వెంకవ్వ చెప్పలేదు, రాజమణి అడగలేదు. అంకుశాన్ని అడిగితే, "మా అవ్వకు తెల్వదా, నర్సుకు తెలుస్తదా" అన్నాడు. 

ఆ బియ్యం ఏరిన రోజే, మధ్యాహ్నం వడ్డిస్తుండగా రాజమణి పడిపోయింది.

పప్పు గంజు ఎత్తింది. చెవుల్లో సాంచెల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయినట్టైంది. ఈ పూట కరెంటు పోయిందేమో అనుకుంది. తర్వాత నేల తగిలింది. కళ్ళు తెరిచేసరికి పప్పంతా నేల మీద ఉంది. వరస చివర కూర్చునే పెద్దాయన నారాయణ ఆమె ముఖాన నీళ్ళు చల్లుతున్నాడు. అంకుశం తలె ముందు నుంచి లేవకుండానే, "చూసుకొని నడువరాదు. ఇప్పుడు ఇంతమంది ఏం తినాలె?" అన్నాడు. మాట కటువుగానే ఉంది గానీ ముఖంలో ఉన్నది భయం. పెళ్ళాం పడిందని భయమో, సాంచెల మీద తన పాలీ టైము దాటిపోతుందని భయమో రాజమణికి అర్థం కాలేదు. వెంకవ్వ చీపురు తెచ్చింది. రాజమణి చెయ్యి చాపి ఆ చీపురు అందుకోబోయింది. అప్పుడు ఎదురు ఖోలీలో నుంచి ఐలవ్వ వచ్చింది. కార్ఖానాలకు దారం కండెలు చుట్టి బతికే మనిషి, మొగుడు చనిపోయి ఆరేళ్ళయింది. గడపలో నిలబడి రాజమణి ముఖం, వాచిన కాళ్ళు చూసి, "చీపురు ఆడ పెట్టు. లే. దవాఖానకు పోదాం" అంది. బడి నుంచి అప్పుడే వచ్చిన రూపాలిని కూడా వెంట రమ్మంది. రూపాలికి పన్నెండేళ్ళు. మరాఠీ బడిలో ఆరో తరగతి. డాక్టర్లతో మాట్లాడటానికి ఆ గల్లీ ఆడవాళ్ళందరికీ అదే దిక్కు.

సర్కారు దవాఖానలో డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంటూ, "పాళీ ఎన్ని రోజులుండేది?" అని మరాఠీలో అడిగింది.

రాజమణికి ఆ ఒక్క మాట బాగా తెలుసు. భివండిలో పాలీ అంటే తెలియనిది ఎవరికి? సాంచెల మీద పగటి షిఫ్టు పగటి పాలీ, రాత్రిది రాత్రి పాలీ. "నా పాలీకి సుట్టి లేదమ్మా. రెండు పాలీలు నేనే చేస్త" అని తెలుగులో చెప్పింది. 

రూపాలి తల దించుకుని తల్లి చెవిలో, "అవ్వా, సాంచెల పాలీ కాదు. మరాఠీల పాళీ అంటె నెలనెలా అయ్యేది" అంది. మరింత చిన్నగా, "మా టీచర్ బాయీ క్లాసుల చెప్పింది. నాక్కూడ రెండు నెలల సంది అయితున్నది" అంది.

రాజమణి బిడ్డ వైపు చూసింది. "నాకెందుకు చెప్పలే?"

"నువ్వు పనిల ఉన్నవ్. బాపమ్మకు చెప్పిన. ఓర్సుకోవాలె అన్నది."

డాక్టరమ్మ సమాధానం కోసం చూస్తున్నది. "ఎనిమిది రోజులు" అని చెప్పింది రాజమణి. తనకో, బిడ్డకో, ఎవరి సంగతి చెప్పిందో ఆమెకే తెలియలేదు.

రక్తం పరీక్ష కాగితం వచ్చింది. హిమోగ్లోబిన్ నాలుగు పాయింట్ ఎనిమిది. డాక్టరమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చూసి, "ఈమె ఎట్లా నడుచుకుంటూ వచ్చింది?" అంది. పన్నెండు ఉండాల్సింది, అయిదు కూడా లేదు. గుండె అలసిపోయి ఉంది. కడుపులో బిడ్డ చప్పుడు సరిగ్గా వినపడటం లేదు. వెంటనే రక్తం ఎక్కించాలి. బ్లడ్ బ్యాంకులో నుంచి ఒక సీసా ఇవ్వాలంటే ఇంటివాళ్ళు ఎవరో ఒకరు ఒక సీసా ఇవ్వాలి. వార్డు నిండిపోయి ఉంది. రాజమణిని వరండాలో, రక్తం తీసే గది గుమ్మానికి ఎదురుగా మంచం వేసి పడుకోబెట్టారు.

మర్నాడు పొద్దున అంకుశం వచ్చాడు. వెంకవ్వ కూడా వచ్చింది. సంగతి విని అంకుశం మంచం పట్టె మీద కూర్చున్నాడు. చాలాసేపు చేతులు చూసుకున్నాడు. 

"నేను నాలుగు సాంచెలు నడిపెటోన్ని. రక్తం తీపిచ్చుకొని సాంచెల నడుమ కండ్లు తిరిగితె చెయ్యి పోతది. రెండేండ్ల కింద ఒకనికి పోయింది, నువ్వు గూడ చూసినవ్."

రాజమణి చూసింది. ఆ భయం అబద్ధం కాదు. 

"మొగోని రక్తం తీసుడేంది" అంది వెంకవ్వ. "తిని పండుకుంటె రక్తం అదే పడుతది. ఇంటికి తీసుకపోదాం పా. పొద్దటి సంది భిస్సీల పొయ్యి అంటుకోలే."

"నేను ఎవలనన్న దొరుకపట్టుకస్త" అని అంకుశం లేచాడు. పోయేటప్పుడు ఆమె వైపు చూడలేదు. "తిని పండుకుంటె" అన్న మాటను పట్టుకుని రాజమణి పడుకుంది. పద్నాలుగేళ్ళలో తను కూర్చుని, ఎవరూ పిలవకుండా, ఒక తలె అన్నం మొదటి నుంచి చివరిదాకా తిన్న పూట ఏదైనా ఉందా అని వెతుక్కుంది. ఒకటి గుర్తొచ్చింది. రైల్లో. పెళ్ళయి వస్తున్నప్పుడు, తల్లి కట్టిచ్చిన పులిహోర. అప్పటికి ఇంకా ఎవరికీ వడ్డించాల్సిన పని మొదలవలేదు. కడుపు మీద చెయ్యి వేసుకుంది. నిన్నటి నుంచీ లోపల కదలిక మందగించింది. కదులు, ఒక్కసారి కదులు అని లోలోపల బతిమాలింది. బిడ్డ మీద ప్రేమతోనా, ఈ బిడ్డ పోతే మళ్ళీ ఇంకొకటి కనాలన్న భయంతోనా అని తనను తానే అడిగి చూసుకుని, జవాబు రాక ముందే సిగ్గుపడింది.

పదకొండు గంటలకు ఐలవ్వ వచ్చింది. ఒక్కతే రాలేదు. ఆమె వెనకే ఇంకో ఏడుగురు ఆడవాళ్ళు. కండెలు చుట్టేవాళ్ళు, బట్ట మడతపెట్టేవాళ్ళు, గైబీ నగర్‌లో ఇంకో భిస్సీ నడిపే రామవ్వ. చేతిలో పని వదిలేసి వచ్చారు. రూపాలి ముందు నడుస్తూ వాళ్ళకు దారి చూపిస్తున్నది. "మా రక్తం తీసుకోమను. ఎవలది సరిపోతె వాళ్ళది" అంది ఐలవ్వ.

రక్తం తీసే గదిలో ఉన్నది ఒక మరాఠీ మనిషి, కళ్ళద్దాలు, తెల్ల కోటు. బల్ల మీద గాజు గ్లాసులో నీలంరంగు నీళ్ళు పెట్టుకున్నాడు. వేలికి సూది పొడిచి ఒక చుక్క ఆ నీళ్ళలో వేస్తాడు. చుక్క మునిగితే ఒంట్లో చాలినంత రక్తం ఉన్నట్టు, ఇవ్వొచ్చు. తేలితే లేనట్టు. అది అతను హిందీలో చెబితే రూపాలి అందరికీ తెలుగులో చెప్పింది. మంచం మీద నుంచి రాజమణికి ఆ గ్లాసు కనపడుతున్నది. 

మొదట ఐలవ్వ వేలు చాపింది. చుక్క నీలం నీళ్ళలోకి జారి, కొంచెం కిందికి పోయి, ఆగి, మెల్లగా పైకి వచ్చింది. "నీది చాలదు మౌసీ" అన్నాడతను. రామవ్వది కిందికే పోలేదు. మూడో ఆమెది తేలింది. నాలుగో ఆమె లావుగా ఉంటుంది, గల్లీలో అందరూ ఆమెను బలమైన మనిషి అంటారు. ఆమె చుక్క కూడా తేలింది. "లావుకూ రక్తానికీ సంబంధం లేదు" అన్నాడతను. అయిదు, ఆరు. ఏడో ఆమె వేలు చాపే ముందు దేవునికి దండం పెట్టుకుంది. ఎనిమిదో ఆమెది చూశాక అతను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఎనిమిది మందిలో ఒక్కరికీ లేదు. ఈమెకు ఇవ్వడం కాదు, మీకే ఎక్కించాలి" అన్నాడు. ఆ ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకు తిట్టినట్టు అనిపించింది. ఇన్నేళ్ళూ తమకు బద్ధకమనీ, వయసు మీద పడుతోందనీ, ఎవరిదో దిష్టి తగిలిందనీ అనుకున్నారు. రామవ్వ వేలికి దూది అదుముకుని, "మనం వచ్చుడు మంచిదే అయింది, ఇయ్యకపోయినా" అని నవ్వబోయి ఆగిపోయింది.

అప్పుడు రూపాలి వేలు చాపింది.

"నువ్వు చిన్నదానివి, నీది తీసుకోను" అన్నాడతను.

"తీసుకోవద్దు. చూడండి చాలు" అంది రూపాలి మరాఠీలో.

రాజమణి వద్దని అనబోయింది. అప్పటికే అతను సూది పొడిచాడు. బిడ్డ చుక్క చాలా చిన్నది. నీలం నీళ్ళ మీద అలాగే నిలిచింది. ఒక్క వెంట్రుకవాసి కూడా కిందికి పోలేదు.

రాజమణి ఆ చుక్కను చూస్తూ పడుకుంది. పన్నెండేళ్ళ పిల్ల. ఇంకా ఒక్క కాన్పు లేదు. ఒక్క పూట పద్నాలుగు మందికి వండలేదు. మొదలే కాలేదు, అప్పుడే ఒంట్లో రక్తం లేదు.

అంకుశం ఒంటరిగా తిరిగి వచ్చాడు. ఎవరూ దొరకలేదు. వరండాలో ఎనిమిది మంది ఆడవాళ్ళు వేళ్ళకు దూది పట్టుకుని నిలబడి ఉన్నారు. అతను అటు చూశాడు, ఇటు చూశాడు. చివరికి గదిలోకి పోయి వేలు చాపాడు. అతని చుక్క నీళ్ళను తాకీతాకగానే గులకరాయిలా అడుగుకు పోయింది. తెల్లకోటు మనిషి తృప్తిగా, "పదిహేను దాకా ఉంటుంది" అన్నాడు.

ఒక్క కుండలో అన్నమే. ఒక్క గంజులో కూరే. వండింది ఒక్క చెయ్యే. ఆయనకు పదిహేను, నాకు నాలుగు. రాజమణికి కోపం కూడా రాలేదు. కోపానికీ ఒంట్లో కొంచెం సత్తువ కావాలి. 

అంకుశం ఇచ్చాడు. పావుగంట పట్టింది. టీ బిస్కెట్ ఇచ్చారు. అతనికి కళ్ళు తిరగలేదు. ఆ సీసా బ్యాంకులోకి పోయింది, రాజమణి గుంపు రక్తం ఇంకొకటి వచ్చింది. చుక్క చుక్కగా సాయంత్రం దాకా ఎక్కింది. వెంకవ్వ మంచం పక్కన కూర్చుని, వచ్చేపోయేవాళ్ళకు, "మావోని రక్తమే. పెండ్లానికి రక్తమిచ్చినోడు ఎక్కడన్న ఉన్నడా?" అని చెప్పింది. అది ఆయనది కాదు, ఎవరిదో అని నర్సు చెప్పినా వినలేదు.

ఆలస్యమైంది. మర్నాడు మధ్యాహ్నం నొప్పులు వచ్చాయి. బిడ్డ పుట్టాడు, ఏడవలేదు. మగపిల్లవాడు. 

వెంకవ్వ ఆ చిన్న మూటను చూసి ఏడ్చింది. అది నిజమైన ఏడుపే. ఆ ఏడుపు మధ్యలోనే, "బలపాలు తిన్నది, సున్నం తిన్నది, కడుపుల వాన్ని గూడ తిన్నది" అంది. అంకుశం గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత మంచం దగ్గరికి వచ్చి, "ఏడువకు. ఏడాది తిరిగేవరకు మళ్ళ వాడే పుడుతడు" అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు. రాజమణికి రొమ్ములు పాలతో గడ్డకట్టి సలుపుతున్నాయి. రక్తం లేని ఒంట్లో ఈ పాలు ఎక్కడివి, ఎవరి కోసం అనుకుంది. ఏడాది అన్న మాట దగ్గర వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టింది.

కాన్పు తర్వాత మూడో రోజు డాక్టరమ్మ వచ్చినప్పుడు, చుట్టూ ఎవరూ లేనిది చూసి, రాజమణి ఆమె చెయ్యి పట్టుకుని తనకు వచ్చిన విరిగిన హిందీలో అడిగింది. "ఆపరేషన్ చేయండి. ఇక పిల్లలు వద్దు. వేలిముద్ర నేనే వేస్తాను."

డాక్టరమ్మ కాగితం చూసి తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడు ఆరు దాటలేదు. ఈ రక్తంతో కత్తి పెడితే బల్ల మీదే పోతావు. పదికి తెచ్చుకుని రా, చేస్తాను. అప్పటిదాకా కడుపు రాకుండా చూసుకో. ఇంకొకటి వస్తే బతకవు." గోలీలు రాసింది. కార్జం, ఆకుకూర, పల్లీలు, బెల్లం తినమంది. తిన్న వెంటనే చాయ్ తాగవద్దంది. రాజమణి అన్నింటికీ తల ఊపింది. కనడానికి రక్తం చాలుతుంది, కనకుండా ఉండటానికి చాలదు. ఆ ఇంట్లో, ఆ గంజు అడుగున మిగిలే పులుసుతో, పది ఎప్పటికి అవుతుంది? ఏడాది అన్నాడు ఆయన. ఆమెకు మొట్టమొదటిసారి తన చావు ఎంత దూరంలో ఉందో తెలిసినట్టైంది.

నాలుగో రోజు శుక్రవారం. వెంకవ్వ వచ్చింది, స్టీలు డబ్బాలో అన్నం, వెల్లుల్లి కారం తెచ్చింది. బాలింత పథ్యం. ఆ రోజు ఆమె ముఖం కొంచెం తేటగా ఉంది.

"ఇంటి సంగతి ఫికర్ చెయ్యకు" అంది. "ఆ ఒక్క పొద్దు తప్ప భిస్సీ ఒక్క పూట గూడ ఆగలే. రూపాలి వండుతున్నది. నీ కన్న నయం. మీ ఆయన బడి గూడ మాన్పిచ్చిండు, ఇగ ఎందుకని."

రాజమణి ముద్ద నోటి దాకా పోయి ఆగింది.

"ఎంత బుద్ధి నేర్చిందనుకున్నవ్ పోరి" అంది వెంకవ్వ మురిపెంగా. "ఎవ్వలు చెప్పకముందే అందరికి పెట్టినంకనే తింటున్నది. కార్జం బాపుకు తీసిపెడుతున్నది. మిగిలితె మిగిలింది, లేకుంటె గంజి తాగి పండుకుంటది. నోరెత్తది. నీ బిడ్డ అనిపిచ్చుకున్నది."

రాజమణి డబ్బా మూత పెట్టింది. మంచం దిగింది. నేల ఊగింది, పట్టె పట్టుకుని నిలదొక్కుకుంది. "ఇంటికి పోదాం అత్తమ్మా" అంది. నర్సు ఇంకా రెండు రోజులుండాలని కోప్పడింది. గోలీల పొట్లం కొంగున కట్టుకుని, కాగితం మీద వేలిముద్ర వేసి బయటికి నడిచింది. వెంకవ్వ సంతోషించింది. పని యాది చేసుకుని వస్తున్నదనుకుంది.

రిక్షా గల్లీలోకి వచ్చేసరికి సాంచెలు ఆగి ఉన్నాయి. సుట్టి కాబట్టి పద్నాలుగు మందీ ఒకేసారి కూర్చున్నారు. ఖోలీలో ఒక వరస, గడప బయట చాపల మీద ఒక వరస. అంకుశం నడుమ కూర్చున్నాడు. తలెల్లో అన్నం ఉంది, కూర ఇంకా పడలేదు. రూపాలి రెండు చేతులతో మటన్ గంజు పట్టుకుని నిలబడి ఉంది. పొయ్యి సెగకు జుట్టు నుదుటికి అతుక్కుంది. మణికట్టు మీద కాలిన బొబ్బ. పెదవులు పాలిపోయి, ముఖంలో రంగే లేదు. సోనాలి గడప పక్కన కూర్చుని అక్కనే చూస్తున్నది.

రాజమణి పిల్ల చేతిలో నుంచి గంజు తీసుకుని కింద పెట్టింది. 

"కూసో."

"ఇంక ఎవ్వలకు వెయ్యలేదవ్వా."

"కూసో బిడ్డా."

వరస చివర నారాయణ ఒక్క క్షణం ఆమె ముఖం చూసి, ఏమీ అడగకుండా పక్కకు జరిగాడు. ఆ జాగాలో రూపాలిని, సోనాలిని కూర్చోబెట్టింది. రెండు తలెలు పెట్టి అన్నం వేసింది. గంటె గంజు అడుగుదాకా పోనిచ్చి, కార్జం ముక్కలు వెతికి వెతికి తీసి ఇద్దరికీ వేసింది. అందరూ చూస్తున్నారు. రూపాలి తినలేదు, తండ్రి వైపు చూసింది. 

"బాపు దిక్కేం చూస్తవ్, నీ తలె చూసుకొని తిను" అన్నాడు నారాయణ ఆ పిల్లతో.

రాజమణి ఇంకో తలె తెచ్చుకుంది. తన చేతులతో తనకు మటన్ వేసుకోవడం కొత్తగా ఉంది. కొంత పులుసు నేల మీద పడింది. తుడవలేదు. బిడ్డల పక్కన, మగవాళ్ళ వరసలో కూర్చుంది. 

"నువ్వు బాలింతవు. ఇది తినద్దు" అన్నాడు అంకుశం. ఆమె తలె దగ్గరికి లాక్కునేసరికి గొంతు పెంచాడు. "ఏమైంది నీకు? దవాఖానల ఎవ్వలన్న ఏమన్న చెప్పిన్రా?"

"చెప్పిన్రు. పది కావాలన్నరు" అంది రాజమణి. "రేపటి సంది రూపాలి బడికి పోతది. నా ఒంట్ల పది అయ్యేదాక పొయ్యి నాకు చాతనైనంతనే అంటుకుంటది. అయినంక ఆపరేషన్ చేపిచ్చుకుంట. వేలిముద్ర నాదే సరిపోతదట."

బయటి వరసలో ఎవరో దగ్గారు. అంకుశం ముఖం ఎర్రబడింది. తలెలోని ఉత్త అన్నం కెలికాడు. వెంకవ్వ గడపలో కొంగు నడుముకు చెక్కుకుని నిలబడింది. వెలుతురు ఆమె ముఖాన పడుతోంది. ముసలి కళ్ళ కింద రెప్పలు వేలాడుతున్నాయి. ఆ రెప్పల లోపలి అంచులో ఎరుపన్నది లేదని రాజమణి మొదటిసారి చూసింది.

"ఆకలితోని కూసున్నరే మొగోళ్ళు. వాళ్ళకు ఎవ్వలు పెడ్తరు?" అంది వెంకవ్వ.

రాజమణి అన్నంలో పులుసు కలిపి ముద్ద చేసింది.

"గంటె గంజులనే ఉన్నది. పెట్టుకుంటరు. నువ్వు గూడ తలె తెచ్చుకొని కూసో అత్తమ్మా."